సిరోంచ నుంచి కృషి సేవక్‌గా: ఫారం నింపిన రోజు నుంచి మొదటి ఖరీఫ్ దాకా నా అనుభవం

2023 సెప్టెంబరులో మహారాష్ట్ర వ్యవసాయ శాఖ కృషి సేవక్ పోస్టులకి దరఖాస్తులు తీసుకుంది. నేను నాగపూర్ విభాగానికి పెట్టాను. ఉద్యోగంలో చేరింది 2024 సెప్టెంబరులో. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ, అహేరి, రాజురా వైపు నుంచి మన తెలుగు పిల్లలు ఫోన్ చేసినప్పుడల్లా పరీక్షకి ఏ పుస్తకం చదవాలనే అడుగుతారు. నన్నడిగితే ఇందులో తేలికైన భాగం పరీక్షే. మిగతాది ఎవరూ అడగరు, అందుకే రాస్తున్నాను.

కృషి సేవక్ పని తెలంగాణలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) చేసే పనికి దగ్గరగా ఉంటుంది. ఊళ్లో మాత్రం అందరూ "ఇన్‌స్పెక్టర్ మేడమ్" అంటారు. ఆ అధికారం మాకు లేదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

మాది సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు చదవడం రాయడం అమ్మ నేర్పింది, ఆమె పుట్టిల్లు నది అవతల చెన్నూరు. అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ కృషి విద్యాపీఠ్ కింద ఉన్న ఒక కాలేజీలో బీఎస్సీ అగ్రికల్చర్ చేశాను. కృషి సేవక్ దరఖాస్తుకి ఓబీసీ కోటాలో ఫీజు 900 రూపాయలు, ఓపెన్ వాళ్లకి 1000.

ఫారం నింపేటప్పుడే ఒక విషయం తెలిసిపోయింది. సిరోంచ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంది. అక్కడి కృషి పోస్టులు పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) కింద స్థానిక ఎస్టీలకే. పైగా అవి తర్వాత కోర్టు కేసులో ఆగిపోయాయి. అంటే ఉద్యోగం వచ్చినా సొంత తాలూకా రాదు. నాన్న ఈ మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బల్లార్షా దాకా అయితే రైలుంది కదా" అన్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

ఫీజు కట్టిన వారంలోనే కులం వాలిడిటీ పని మొదలుపెట్టాను. డిగ్రీ సీటు ఓపెన్‌లో రావడంతో అంతకుముందు దాని అవసరం పడలేదు. మహారాష్ట్రలో కుల సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, దాన్ని పరిశీలన సమితి ఖాయం చేయాలి. ఓబీసీ అయితే 1967 అక్టోబరు 13కి ముందు మన కుటుంబం ఇక్కడే ఉందని, కులం ఇదేనని రాతపూర్వకంగా చూపించాలి. నాన్న పుట్టింది ఆ తర్వాత. కాబట్టి తాత కాగితం కావాలి.

తాత చదివింది రెండో తరగతి. ఆ బడిలో చేరిన, మానేసిన పిల్లల పేర్లు రాసే దాఖల్ ఖారిజ్ రిజిస్టర్‌లో ఆయన పేరు దొరికింది, కులం కాలమ్ సగం చెదలు తినేసింది. ఇక మిగిలింది కోత్వాల్ పంజీ. పాత రోజుల్లో ఊరి కోత్వాల్ చావు పుట్టుకలు రాసిన పుస్తకాలు తహసీల్ రికార్డు గదిలో ఉంటాయి. నకలుకి అర్జీ పెడితే ఇస్తారు, కానీ ఏ సంవత్సరంలో వెతకాలో మనమే చెప్పాలి. తాత పుట్టిన సంవత్సరం ఇంట్లో ఎవరికీ తెలియదు. "గోదావరి పెద్దగా వచ్చిన ఏడాది" అని మా పెద్ద నాయనమ్మ చెప్పింది, అలాంటి ఏళ్లు ఎన్నో ఉన్నాయి మరి. చివరికి దొరికిన నమోదులో పుట్టిన బిడ్డ పేరే లేదు. తండ్రి పేరు, కులం, "మగబిడ్డ" అని మాత్రమే ఉంది. ఆ రోజుల్లో అలాగే రాసేవాళ్లట.

ఇంకో చిక్కు ఇంటిపేరుది. ఇటువైపు తెలుగు కుటుంబాల ఇంటిపేర్లకి చివర "వార్" తగులుకుని ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. మా నాన్న టీసీలో వార్ ఉంది. కోత్వాల్ పంజీలో ముత్తాత పేరు పక్కన లేదు. నా ఆధార్‌లో ఉంది, తాత భూమి కాగితంలో లేదు. అందరం ఒకే కుటుంబమని వంశావళి గీసి, అఫిడవిట్ చేయించి, తాత తమ్ముడి కొడుకుల కాగితాలు కూడా జతచేశాను. విజిలెన్స్ వాళ్లు ఇంటికి వచ్చి చుట్టుపక్కల వాళ్లని కూడా అడిగి వెళ్లారు. 2023 అక్టోబరులో వేసిన అర్జీకి సర్టిఫికెట్ 2024 జూన్‌లో చేతికొచ్చింది. ప్రయాణాలు, నకళ్లు, నోటరీ, జిరాక్సులు కలిపి ఎనిమిది వేల దాకా అయింది. పరీక్షకి పెట్టిన ఖర్చు ఇందులో సగం కూడా లేదు.

పరీక్ష 2024 జనవరిలో, కంప్యూటర్ మీద. నా సెంటర్ నాగపూర్. సిరోంచ నుంచి నాగపూర్‌కి బస్సులో వెళ్తే అహేరి, ఆల్లపల్లి రోడ్డు మీదే ఒళ్లు హూనం అవుతుంది. అందుకని మేమంతా చేసేదే చేశాను. ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల వెళ్లి రైలెక్కాను. మన రాష్ట్రంలో పరీక్ష రాయడానికి పక్క రాష్ట్రం రైల్వే స్టేషన్, సిరోంచ వాళ్లకి ఇది కొత్తేం కాదు.

పేపర్ 200 మార్కులు. అందులో 120 వ్యవసాయానివే. మిగతావి మరాఠీ, ఇంగ్లీష్, జనరల్ నాలెడ్జ్, రీజనింగ్, ఒక్కోటి 20. నా టెన్షన్ అంతా మరాఠీ మీదే. పన్నెండేళ్లు మరాఠీలో చదివినా సామెతలు, జాతీయాల దగ్గర పుణె పిల్లలతో పోటీ పడలేం. వాళ్లు అవి ఇంట్లో వింటూ పెరుగుతారు. నేను ఆ ఇరవై మార్కుల్లో కొన్ని పోతాయని ముందే లెక్క కట్టుకుని, వ్యవసాయం మీద ఎక్కువ కూర్చున్నాను. విత్తన మొలక శాతం కనీస ప్రమాణాలు (వరికి 80, సోయాబీన్‌కి 70), లేబుల్ రంగులు, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, పురుగుల ఆర్థిక నష్ట పరిమితి, ఇలాంటివి వచ్చాయి. పేపర్ బాగానే రాశాను.

తర్వాత నిరీక్షణ. మార్చి 16న లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది, జూన్ మొదటి వారం దాకా అంతా నిలిచిపోయింది. ఆ నెలలు నాకు చాలా కష్టంగా గడిచాయి. లిస్టులో పేరుంది, చేతిలో ఆర్డర్ లేదు. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకి "ఉద్యోగం వచ్చింది" అని చెప్పాలో "రాలేదు" అని చెప్పాలో అమ్మకి అర్థం కాలేదు. ఒక చుట్టమైతే "వచ్చేదైతే ఈపాటికి వచ్చేది" అని ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లాడు. ఆయన కొడుక్కి ఇప్పుడు నేనే మహాడీబీటీ (ప్రభుత్వ పథకాల ఆన్‌లైన్ పోర్టల్) ఫారం నింపుతున్నాను.

జులైలో సర్టిఫికెట్ల పరిశీలన జరిగింది. డొమిసైల్, నాన్ క్రీమీలేయర్, వాలిడిటీ, డిగ్రీ మార్కుల లిస్టులు, ఎంఎస్‌సీఐటీ కంప్యూటర్ సర్టిఫికెట్, వాటితో పాటు చిన్న కుటుంబం ప్రతిజ్ఞాపత్రం. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలు లేరని అందరూ రాసివ్వాలి, పెళ్లికాని వాళ్లు కూడా. నా వెనకాల కూర్చున్న అమ్మాయి "పిల్లల సంఖ్య" దగ్గర సున్నా పెట్టాలా గీత పెట్టాలా అని అడిగితే ఎవరికీ తెలియలేదు. నాన్ క్రీమీలేయర్ గడువు తేదీ జాగ్రత్తగా చూసుకోండి. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి దానిమీదే ఇరుక్కున్నాడు. పోలీసు వెరిఫికేషన్, మెడికల్ వీటి తర్వాత.

ఆర్డర్ వచ్చింది చంద్రపూర్ జిల్లాలో, వార్ధా నది ఒడ్డున తెలంగాణకి ఆనుకుని ఉన్న ఒక తాలూకాకి. పేరు రాయను, నేను ఇంకా అక్కడే పని చేస్తున్నాను. నది అవతల సిర్పూర్, కాగజ్‌నగర్. ఇంటి నుంచి బస్సులో ఆష్టి మీదుగా దాదాపు ఒక పూట పడుతుంది. మహారాష్ట్ర ప్రభుత్వ బస్సుల్లో (ఇక్కడ ఎస్టీ అంటారు) ఆడవాళ్లకి సగం టికెట్ కాబట్టి ఆ ఖర్చు భరించగలిగాను.

జీతం అనకూడదు, మానధనం అనాలి. నెలకి 16,000. చేరేటప్పుడున్న నిబంధన ప్రకారం ఇలా మూడేళ్లు, ఆ తర్వాతే పూర్తి జీతం. అంతకుముందు ఇది 6,000 ఉండేదట, పాతవాళ్లు మమ్మల్ని అదృష్టవంతులంటారు. చేరగానే డబ్బు రాదు. ప్రభుత్వ జీతాల ఆన్‌లైన్ వ్యవస్థ సేవార్థ్‌లో పేరెక్కి, నంబర్ వచ్చి, బిల్లు పాసయ్యే దాకా ఆగాలి. నా మొదటి మానధనం జనవరిలో పడింది. ఆ నాలుగు నెలలు రూమ్ అద్దె 2,500, తిండి, పెట్రోలు, అన్నీ నాన్నే పంపాడు. చేరేముందు చేతిలో కనీసం నలభై వేలు పెట్టుకోండి. పాత స్కూటీకి నాకు విడిగా ఇరవై ఎనిమిది వేలయింది. స్కూటీ లేకపోతే ఈ ఉద్యోగం నడవదు. నా సజ్జాలో, అంటే నేను చూసే పరిధిలో, ఐదు ఊళ్లు, రెండింటికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

సజ్జాకి ఆఫీసు ఉండదు. పంచాయతీ ఆఫీసులో బల్ల దొరికితే బల్ల, లేకపోతే రావిచెట్టు అరుగు. ఫోన్ మనదే, డేటా మనదే, ప్రింటౌట్లు మనవే.

చేరిన వారంలోనే పంచనామా డ్యూటీ పడింది. వానలకి నల్లరేగడిలో నీళ్లు నిలిచి పత్తి వాలిపోయింది. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి), నేను, ముగ్గురం కలిసి చేనుచేనుకీ వెళ్లి నష్టం రాయాలి. 33 శాతం, ఆపైన నష్టం ఉంటేనే సాయం వస్తుంది, అంతకన్నా తక్కువైతే సున్నా. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. చేలో నిలబడి ఒకరికి 30, పక్కాయనకి 40 అని రాయడం వేరే సంగతి. మోకాలి లోతు బురదలో మొక్కలు లెక్కపెడుతుంటే ఒక ముసలాయన గట్టుమీద నిలబడి చాలాసేపు చూశాడు. నేను తలాఠీతో మరాఠీలో మాట్లాడుతున్నాను. ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడగానే దగ్గరికొచ్చాడు.

"నువ్వు మనోళ్ల పిల్లవా బిడ్డా?"

"అవును తాతా, మాది సిరోంచ."

"అట్లయితే సక్కగ చెప్పు. నా చేను రాసినవా, ఇడిసిపెట్టినవా?"

అప్పటిదాకా ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. మరాఠీ అర్థం కాక కాదు, సంతలో బాగానే మాట్లాడతాడు. ఆఫీసు కాగితం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. ఆయన చేను రాశాం, 60 శాతం. ఆ సాయంత్రానికి నా సజ్జాలో తెలుగు మాట్లాడే ఇళ్లన్నిటికీ నా ఫోన్ నంబర్ పాకిపోయింది. అప్పటి నుంచి తెల్లవారుజామున ఐదున్నరకే ఫోన్లు. పత్తికి గుడ్డిపూలు కనిపించినా, వరికి ఆకు ఎర్రబడినా, పక్కవాడు గట్టు జరిపినా నాకే. గట్టు నా శాఖ కాదని చెప్తే నమ్మరు.

అక్టోబరు, నవంబరు గులాబీ రంగు పురుగుతో పోయాయి. లింగాకర్షక బుట్టలు పెట్టించి, వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిది రెక్కల పురుగులు పడితే మందు కొట్టమని చెప్పాలి. రైతు అంతదాకా ఆగడు, మొదటి పురుగు చూసిన రోజే కొడతాడు. ఆ తర్వాత వరికి పంట కోత ప్రయోగాలు. నంబర్ల చిట్టా ప్రకారం ఎంచిన చేలో పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గీసి, అంతమేర కోసి, నూర్చి, తూచాలి. దాన్నిబట్టి బీమా తేలుతుంది. ఎంచిన చేను రైతు మాకు చెప్పకుండా ముందురోజే కోసేసుకుంటే మళ్లీ మొదటికొస్తాం. ఎక్కువ రాసేదేం లేదు, కొలత టేపు మాత్రం సొంతంగా కొనుక్కోండి.

చలికాలం మొత్తం రైతు ఐడీ. అగ్రిస్టాక్ అనే రైతుల డిజిటల్ రిజిస్టర్‌లో ప్రతి రైతుకీ ఆధార్‌ని సాత్‌బారాతో (భూమి రికార్డు) కలిపి ఒక నంబర్ ఇవ్వాలి. అది లేకపోతే ఏ పథకమూ రాదు. శిబిరం పెట్టిన మొదటి రోజే నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. సాత్‌బారాలో వార్ లేదు, ఆధార్‌లో ఉంది. ఒకచోట తండ్రి పేరు ముందు, ఒకచోట వెనక. "రాజన్న" ఒకచోట "రాజయ్య", మరోచోట "రాజేశ్వర్". కంప్యూటర్ మూడింటినీ ముగ్గురు మనుషులంటుంది. మిగతా సజ్జాల వాళ్లు ఇలాంటివి పక్కన పెట్టేశారు. నేను ఒక్కో ఇంటికి పాత పేర్ల జాబితా రాయించి, దిద్దుబాటుకి తలాఠీ దగ్గరికి తీసుకెళ్లాను. వాలిడిటీ కోసం తిరిగిన ఎనిమిది నెలల్లో ఏ కాగితం ఏ గదిలో ఉంటుందో నాకు తెలిసిపోయింది కదా, అది ఇక్కడ పనికొచ్చింది.

ఇక "ఇన్‌స్పెక్టర్" సంగతి. విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల తనిఖీ చేసి నమూనా తీసే అధికారం చట్టం కింద నోటిఫై అయిన అధికారులకే ఉంటుంది, తాలూకా కృషి అధికారి, పంచాయత్ సమితి కృషి అధికారి లాంటి వాళ్లకి. కృషి సేవక్ వాళ్ల వెంట వెళ్తుంది, సంచులు మోస్తుంది, పంచనామా రాస్తుంది. ఎరువుల నమూనా వాన పడుతుంటే తీయకూడదు. బస్తాలో బొంగు లాంటి గొట్టం ఐమూలగా గుచ్చి తీసి, కలిపి, మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఇవన్నీ బాగా నేర్చుకున్నాను, సీలు వేయడానికి లక్క కరిగిస్తే వేళ్లు కాలతాయని కూడా.

2025 మే నెలాఖరులో ఒక రాత్రి భరారీ పథకంతో (ఆకస్మిక తనిఖీ దళం) వెళ్లాల్సొచ్చింది. మా వైపు ప్రతి ఏడాదీ పత్తి విత్తే ముందు చోర్ బీటీ వస్తుంది. గడ్డి మందు తట్టుకునే పత్తి. దీన్ని సాగు చేయడానికి దేశంలో అనుమతి లేదు. అధికారికంగా బీటీ-2 ప్యాకెట్ 475 గ్రాములు, ఆ ఏడాది గరిష్ఠ ధర 901 రూపాయలు. చోర్ బీటీ అంతకన్నా ఎక్కువకే పోతుంది, బిల్లు లేకుండా.

ఒక ఇంటి వెనకాల కొట్టంలో, గడ్డి కింద అట్టపెట్టెలు. ప్యాకెట్ల మీద రంగురంగుల పత్తి బొమ్మ, అక్షరాలన్నీ తెలుగు. లాట్ నంబర్ లేదు, పరీక్ష తేదీ లేదు, కంపెనీ చిరునామా లేదు. దళంలో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. పంచనామా మరాఠీలో ఉండాలి. కాబట్టి ప్యాకెట్ మీదున్న ప్రతి మాటా నేను చదివి చెప్పాలి, మరాఠీలో నేనే రాయాలి. పంచులుగా, అంటే సాక్షులుగా, సంతకం పెట్టడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. ఇద్దరిని ఒప్పించేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ ఇంటావిడ గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది. చివరికి అంది: "మా ఇంట్ల చాయ్ తాగినవ్ గదా పిల్లా. నువ్వే రాస్తున్నవా?"

తాగాను, ఫిబ్రవరిలో, వాళ్ల ఐడీ దిద్దించినప్పుడు. చేతులు వణికాయి కానీ రాయడం ఆపలేదు. ఆపితే రేపు మొలవని విత్తనం కొన్నవాడు ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? బిల్లే ఉండదు. నా మనసులో ఉన్నది ఇదీ అని ఆమెకి చెప్పలేదు, చెప్పినా ఆ సమయంలో వినదు.

అయితే రైతులు దీన్ని ఎందుకు కొంటారో తెలియక కాదు. జులై వానల్లో కలుపు తీసే కూలి మూడు వందలిచ్చినా దొరకదు. దొరికినా వాన ఆగదు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు ఒకసారి కొడితే గడ్డి చస్తుంది, పత్తి నిలుస్తుంది అంటే ఎవరైనా ఆశపడతారు. మీటింగుల్లో "చోర్ బీటీ కొనొద్దు" అని ఒక్క మాటలో చెప్పేస్తాం. కలుపుకి ఏం చేయాలని అడిగితే మా దగ్గర ఉన్న జవాబు దానికి సరిపోదు. ఇది నా అభిప్రాయం, శాఖది కాదు.

తెల్లారి అదే ఊళ్లో వరి విత్తనాలు ఉప్పు నీళ్లలో వేసి తేలిన తాలు గింజలు తీసేసే ప్రదర్శన పెట్టుకున్నాను. పది లీటర్ల నీళ్లకి 300 గ్రాముల ఉప్పు. బకెట్, ఉప్పు, విత్తనాలు అన్నీ సర్దుకుని కూర్చుంటే ఎవరూ రాలేదు. నాలుగు ఇళ్లవతల ముసలాయన, బురదలో నన్ను పలకరించినాయన, ఒక్కడే వచ్చి గింజలు తేలడం చూసి, "పాతకాలంల మేం గుడ్డు ఏసి చూసెటోళ్లం" అని వెళ్లాడు. జులైలో పత్తికి రసం పీల్చే పురుగు పడ్డాక ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి, ఆ ఇంటి నుంచి తప్ప.

అదే మేలో ప్రభుత్వం మా కేడర్ పేర్లు మార్చింది. మూడేళ్ల సేవక్ కాలం తర్వాత అయ్యే కృషి సహాయక్ ఇప్పుడు సహాయక కృషి అధికారి. నేను ఇంకా సేవక్‌నే. అమ్మ మాత్రం చెన్నూరులో అందరికీ "అధికారి" అని చెప్పేసింది.

ఫోన్ చేసేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. నోటిఫికేషన్ కోసం ఆగకుండా వాలిడిటీ అర్జీ ఇప్పుడే వేయండి. తాత పుట్టిన ఏడాది ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. వాళ్లకి తెలియకపోతే ఏ పెళ్లి, ఏ వరద, ఏ కరువు తర్వాత అనైనా అడగండి. టీసీ, ఆధార్, సాత్‌బారా మూడింట్లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. బండి నేర్చుకోండి. రికార్డు గదికి వెళ్లేటప్పుడు ముక్కుకి కట్టుకోవడానికి రుమాలు తీసుకెళ్లండి, నకలు రుసుముకి చిల్లర కూడా.